పెట్టుబడి చీరలతో బీరువా నిండిపోయింది, ఏం చేస్తే బాగుంటుంది?

కృష్ణలంక_అమ్మాయి
ఫిబ్రవరి 9, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. అమ్మ పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యాక నాన్న "ఇక ఆ బీరువా సంగతి చూడమ్మా" అన్నారు. మొన్న ఆదివారం నేనూ చెల్లీ కూర్చుని తెరిచాం.

మొత్తం 94 చీరలు. అమ్మ నిజంగా కట్టుకున్నవి 31. మిగతా 63 పెట్టుబడి చీరలే. పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, గృహప్రవేశాల్లో బొట్టు పెట్టి చేతికిచ్చినవి. చాలావాటికి ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. కొన్నింటికి అమ్మ చేతిరాతతో చీటీలు పిన్ను చేసి ఉన్నాయి. "గుణదల వాళ్ళ గృహప్రవేశం." "పెద్దక్క మనవడి ఒడుగు." ఆ చీటీలు చదువుతూ చెల్లి ఏడ్చేసింది.

ఏప్రిల్‌లో మా అమ్మాయికి ఓణీల ఫంక్షన్. దాదాపు 120 మంది ఆడవాళ్ళకు బట్టలు పెట్టాలి. మా అత్తగారు విజయవాడ వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌కు వెళ్ళి కట్టలు తెచ్చేద్దాం అంటున్నారు. ఒక్కో చీర 250 లెక్కన 30 వేలు. ఈ బీరువా చూశాక నాకు చేతులు రావడం లేదు. మనం పెట్టేవి కూడా ఇంకో 120 బీరువాల్లో ఇలాగే మూలుగుతాయి కదా.

అందుకే అడుగుతున్నాను. ఈ 63 చీరలు ఏం చేయాలి? ఫంక్షన్‌లో ఏం పెడితే ఎవరికైనా పనికొస్తుంది? అమ్మ కట్టుకున్న పట్టుచీరలు, నేత చీరలు పాడుకాకుండా ఎలా దాచాలి? ఆవిడ చీరలు కట్టుకోవచ్చా, కూడదా అని ఇంట్లో మరో చర్చ. తెలిసినవాళ్ళు చెప్పండి.

నరసరావుపేట_వదిన
ఫిబ్రవరి 9, ఉదయం 11:25

చీటీల సంగతి చదివి గుండె పట్టేసింది. మా అత్తగారూ అలాగే రాసిపెడతారు. ఎవరు పెట్టిన చీర మళ్ళీ వాళ్ళింటికే వెళ్ళకూడదు కదా, అందుకు. అంటే ఈ చీర ఎవరూ కట్టరని పెట్టేవాళ్ళకూ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకూ తెలుసు. నా దగ్గర ఒక మెరూన్ చీర ఉంది. మడత మీద నాలుగు చోట్ల పిన్నుల తుప్పు మరకలు. నాలుగిళ్ళు తిరిగి నా దగ్గరకు వచ్చిందన్నమాట. దాన్ని ఐదో ఇంటికి పంపబుద్ధి కాలేదు.

మాకు జూన్‌లో గృహప్రవేశం. ఇక్కడ ఏం తేలుతుందో నేనూ చూస్తుంటాను.

పుట్టపాక_మగ్గం
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 2:10

అక్కా, మాది పుట్టపాక. మూడు తరాలుగా నేత పనే. నాన్న ఇప్పటికీ గుంట మగ్గం మీద కూర్చుంటాడు. ఆ 250 రూపాయల చీర గురించి నాకు తెలిసింది చెప్తాను.

మా ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వేయరు. నేయకముందే పోగులకు లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులద్దుతారు. అంతకుముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుకుంటూ పోవడమే ఆసు. ఒక్క చీరకు ఆ చెయ్యి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే. మా అమ్మ కుడి భుజం దాంతోనే పోయింది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ పడే నొప్పి చూడలేక 1999లో ఆసు పోసే యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇంత చాకిరీతో వచ్చే డిజైన్‌ను ఇప్పుడు పాలిస్టర్ మీద గంటకు వందల మీటర్లు అచ్చు వేసేస్తున్నారు. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ వంటి కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. అయినా పవర్‌లూమ్ నకళ్ళు మా వీధి చివర షాపులోనే దొరుకుతున్నాయి.

కొనేటప్పుడు ఒక్క పని చేయండి, చీర తిరగేసి చూడండి. అసలు ఇక్కత్‌కు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన దానికి వెనక వైపు వెలిసినట్టు పాలిపోయి ఉంటుంది. డిజైన్ అంచులు కత్తిరించినట్టు తీరుగా ఉంటే అనుమానించండి. పోగుకు రంగద్ది నేసిన దాంట్లో అంచులు కొంచెం చెదిరి, నీళ్ళల్లో నీడలా ఉంటాయి. అది లోపం కాదు, చేతిపని గుర్తు. ఇది చేనేతే అని చెప్పే హ్యాండ్లూమ్ మార్కు లేబుల్ 2006 నుంచి ఉంది, అదీ అడగండి.

120 మందికి నేత చీర పెట్టాలంటే ఎవరి వల్లా కాదు. చీరే పెట్టాలని ఏముంది? మీకు దగ్గరలోనే మంగళగిరి ఉంది. అక్కడి చేనేత సంఘంలో మంచి తువ్వాళ్ళు, జాకెట్టు ముక్కలు దొరుకుతాయి. తువ్వాలు ఎవరింట్లోనైనా వాడకంలో పడుతుంది, చిరిగేదాకా వాడతారు.

ఓరుగల్లు_పత్తి
ఫిబ్రవరి 9, సాయంత్రం 6:30

తమ్ముడు చెప్పింది నిజం. దానికి ఇంకొక మాట కలుపుతాను. మాది వరంగల్ దగ్గర పత్తి రైతు కుటుంబం. కాటన్ మంచిది, పాలిస్టర్ చెడ్డది అనుకుని అక్కడితో ఆగొద్దు. పాలిస్టర్ పెట్రోలియం నుంచి వస్తుంది, మట్టిలో కలవదు, ఉతికినప్పుడల్లా కంటికి కనబడని నూగు మురుగునీళ్ళలోకి పోతుంది. అదంతా ఒప్పుకుంటాను. కానీ ఒక కాటన్ టీషర్టు తయారు కావడానికి సుమారు 2,700 లీటర్ల నీళ్ళు పడతాయని లెక్క చెప్తారు. మందులు ఎన్నిసార్లు కొట్టాలో పొలంలో నిలబడ్డవాళ్ళకు తెలుసు. 1997-98లో పురుగు పంటను తినేసి, అప్పు మెడకు చుట్టుకుని మా జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మా వెనక వీధిలోనే ఒకాయన పోయారు.

అందుకే కాటన్ కుర్తా మూడు నెలలు వేసి పక్కన పడేస్తే నాకు మనసు ఒప్పదు. ఏది కొన్నా పదేళ్ళు కట్టగలమా అని చూసుకుని కొనండి. అక్కయ్య వాళ్ళ అమ్మగారు కట్టుకున్న ఆ 31 చీరలు చూడండి, దారి అదే.

పెద్దాపురం_పిన్ని
ఫిబ్రవరి 10, ఉదయం 7:15

అందరూ పెట్టుబడులు మానేద్దాం అన్న ధోరణిలో మాట్లాడుతున్నారు. నాకు 71 ఏళ్ళు. పెద్దదాన్ని కాబట్టి చెప్తున్నాను, కోపం తెచ్చుకోకండి.

ఇంటికొచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి బట్ట పెట్టడం మర్యాద. దాన్ని తీసేయకండి. నా చిన్నప్పుడు మా అమ్మ పేరంటానికి వచ్చినవాళ్ళకు జాకెట్టు గుడ్డ పెట్టేది. మంచి కాటన్ గుడ్డ, 80 సెంటీమీటర్లు. వారం తిరిగేసరికి అది కుట్టించుకుని వేసుకుని కనిపించేవాళ్ళు. చూసి మా అమ్మ మురిసిపోయేది. చీర పెట్టడం ఆడపడుచులకు, దగ్గరివాళ్ళకు మాత్రమే. వాళ్ళ రంగు, ఇష్టం చూసి తెచ్చేవాళ్ళం. మాకు ఏడాదికి రెండు జతల కొత్త బట్టలు, సంక్రాంతికి ఒకటి, పుట్టినరోజుకు ఒకటి. కొత్త బట్టకు మూల పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టి కట్టుకునేవాళ్ళం.

తరవాత తరవాత అందరికీ చీరలే పెట్టాలన్నారు. చీర పెరిగింది, బట్ట నాసిరకమైంది. మర్యాద మిగిలింది కానీ మనిషికి పనికిరావడం పోయింది. కాబట్టి అమ్మాయ్, మీ అత్తగారితో గొడవ పడకు. బట్టలు పెట్టనని అనకు. పనికొచ్చే బట్ట పెడదామని చెప్పు, ఆవిడ వింటారు.

పోయినవాళ్ళ చీరల గురించి. ఒక్కో ఇంట్లో ఒక్కో ఆచారం. చివరి రోజుల్లో ఒంటిమీద ఉన్నవి తీసేస్తారు, మిగతావి శుభ్రంగా ఉతికి ఆడపిల్లలు తీసుకుంటారు. మా అమ్మ చీర నేను 40 ఏళ్ళు కట్టాను. అది కట్టుకున్న రోజు నాకు ధైర్యంగా ఉండేది.

టైలర్_బ్రాడీపేట
ఫిబ్రవరి 10, రాత్రి 9:50

కొట్టు కట్టేసి వచ్చి చదివాను. 26 ఏళ్ళుగా ఇదే పని. 63 చీరల గురించి నా అనుభవం చెప్తాను.

ముందు ఏది ఏ బట్టో విడదీయండి. కొంగు చివర వేలాడే రెండు పోగులు తీసి నిప్పుకు చూపించండి. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముద్ద కడుతుంది. నూలు కాగితం కాలిన వాసన వస్తుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన, బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అయిపోతుంది. స్టీలు పళ్ళెంలో పెట్టి చేయండి, చీర దగ్గర చేయకండి. ఇలా చూస్తే పెట్టుబడుల్లో కూడా అప్పుడప్పుడు మంచి నేత చీర బయటపడుతుంది.

పాలిస్టర్ చీరతో ఇల్లు తుడుచుకోవచ్చని కొందరు అంటారు. అది నీళ్ళు పీల్చదు, మసిగుడ్డకు కూడా పనికిరాదు. పొయ్యి దగ్గర వాడితే ప్రమాదం, ఒంటికి అంటుకుని కరుగుతుంది. దానికి సరైన పని సంచులు. చినగదు, తడిసినా త్వరగా ఆరుతుంది. ఒక చీర నుంచి లోపల అస్తరు కూడా అదే గుడ్డ వేసి ఎనిమిది సంచులు తీయగలను. పట్టీలు అంచు భాగంతో కుడితే బరువు ఆగుతుంది. గుమ్మం తెరలు, కుట్టు మిషన్ మీద కప్పేవి, పిల్లల నాటకాల దుస్తులు కూడా బాగా వస్తాయి. మెత్తగా ఉన్నవాటితో పొడుగు గౌన్లు అడుగుతున్నారు, అస్తరుకు మాత్రం కాటన్ వేయించుకోండి. లేకపోతే మన ఎండలకు ఒళ్ళు పేలిపోతుంది.

బాగున్న బట్టకు చిన్న చిరుగు పడితే పారేయకుండా తీసుకురండి. ఇప్పుడు మాసిక వేయమని అడిగేవాళ్ళే లేరు. నా దగ్గర మాసికకు 30 రూపాయలు. పట్టుచీరకు మేకు తగిలి చిరిగితే మాత్రం నేను ముట్టుకోను, రఫూ చేసేవాళ్ళ దగ్గరకు పంపిస్తాను. వాళ్ళు చీర లోపలి అంచు నుంచే పోగు లాగి, పడుగు పేక (నిలువు, అడ్డం పోగులు) కలిపి చేత్తో అల్లుతారు. ఎక్కడ చిరిగిందో మనకే దొరకదు.

సింగ్‌నగర్_మూడోలైను
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:05

పాత చీరలు ఎవరికైనా ఇచ్చేద్దామని ఇక్కడ ఎవరో ఒకరు అంటారని తెలుసు. అంతకుముందే, పుచ్చుకున్న మనిషిగా నా మాట వినండి.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చింది. గుమ్మం దాటి, మంచం దాటి, కిటికీ దాకా. బీరువాలో కింది మూడు అరలు మునిగాయి. పైన ఇంటివాళ్ళ వరండాలో ఆరు రోజులున్నాం. నీళ్ళు తీశాక చాలామంది బట్టలు తెచ్చారు. వాళ్ళ మంచి మనసుకు దండం పెడతాను. కానీ ఆ కట్టలు విప్పితే జాకెట్టు లేని చీరలు, లంగా లేని చీరలు, గుండీలు ఊడిన చొక్కాలు, ఒక కాలు చినిగిన పంట్లాలు. చెమ్కీ పని చేసిన పెళ్ళి లెహెంగా ఒకటి. బురదలో ఇల్లు కడుక్కునే మనిషి అది ఏం చేసుకుంటుంది? రెండు రోజుల తరవాత రోడ్డు పక్కన ఆ గుట్టలు వానకు తడిసి కుళ్ళిపోయాయి. వాటిని ఎత్తింది మునిసిపాలిటీ పారిశుద్ధ్య కార్మికులే.

ఆ రోజు నాకు కావలసింది రెండు నైటీలు, రెండు లంగాలు, లోదుస్తులు, తువ్వాలు, దుప్పటి, మా బాబుకు నిక్కర్లు. నెలసరి వస్తే వాడుకోవడానికి మెత్తటి నూలు గుడ్డ. అది అడగడానికి నోరు రాలేదు.

గూంజ్ అనే సంస్థ 1999 నుంచి ఈ పని ఒక పద్ధతిగా చేస్తోంది. వచ్చిన బట్టల్ని వయసు వారీగా, కొలత వారీగా విడదీస్తారు. పాత నూలు బట్టను శుభ్రం చేసి నెలసరి గుడ్డలుగా కుడతారు. ఊళ్ళో వాళ్ళు కలిసి బావి తవ్వుకుంటేనో, బాట వేసుకుంటేనో ఆ పనికి ప్రతిఫలంగా బట్టలిస్తారు, దానంగా కాదు. వాళ్ళ వ్యవస్థాపకుడు అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ ప్రతిఫలం అన్న ఆలోచన నాకు బాగా నచ్చింది.

మీరు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే ముందు అడగండి. ఉతికి, ఇస్త్రీ చేసి, జాకెట్టు గుడ్డతో సహా, నాలుగు చీరలు ముందు పెట్టి "నీకు ఏది నచ్చింది?" అనండి. వద్దంటే ఏమీ అనుకోకుండా ఊరుకోండి.

కృష్ణలంక_అమ్మాయి
ఫిబ్రవరి 11, రాత్రి 8:20

అక్కా, మీ మాటలు రెండుసార్లు చదివాను. ఆ వరదలప్పుడు నేనూ ఒక కట్ట పంపాను. అందులో జాకెట్లు పెట్టానో లేదో గుర్తు లేదు. ఇకమీదట మీరు చెప్పినట్టే చేస్తాను.

టైలర్ గారూ, నిప్పు పరీక్ష చేశాం. 63లో ఆరు నిజమైన నూలు చీరలు! చెల్లి నమ్మలేకపోయింది.

పిన్నీ, అత్తగారితో మాట్లాడాను. "బట్ట పెట్టు, ఏ బట్టయితేనేం" అన్నారు.

కుంకుడుచెట్టు
ఫిబ్రవరి 12, ఉదయం 6:40

దాచే సంగతి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. హోమ్ సైన్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పట్టు అంటే పట్టుపురుగు చేసిన మాంసకృత్తి, మన జుట్టు లాంటిదే. జుట్టుకు ఏది పడదో దానికీ పడదు. బట్టల సోడా, ఘాటైన డిటర్జెంటు పోగును పెళుసు చేస్తాయి. తెల్లబట్టలకు వాడే బ్లీచింగు ద్రావణం పట్టును కరిగించేస్తుంది, అది దగ్గరకు కూడా రానివ్వకండి. జరీ లేని పట్టును చల్లటి నీళ్ళలో, వడగట్టిన కుంకుడు రసంలో ఐదు నిమిషాలు ముంచి, పిండకుండా జాడించి, తువ్వాలులో చుట్టి నీరు తీసి నీడన ఆరేయండి. జరీ బాగా ఉన్నవి, పాతవి, రెండు రంగులవి ఇంట్లో ఉతకొద్దు.

చాలావరకు చీరలు ఉతకడం వల్ల పాడవవు, చెమటతో అలాగే మడిచిపెట్టడం వల్ల పాడవుతాయి. ఫంక్షన్ నుంచి వచ్చి చెమటతోనే బీరువాలో పెడతాం. చెమట, సెంటు పడిన చోట జరీ నల్లబడుతుంది, పట్టు కుళ్ళుతుంది. చంక దగ్గర, నడుము దగ్గర మొదట చిరిగేది అందుకే. ఇంటికి రాగానే దండెం మీద నీడలో ఒక పూట గాలికి వేయండి.

మడత మీద కూడా చీర తెగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే గీత మీద ఉంటే జరీ, పోగు రెండూ అక్కడ విరుగుతాయి. నేను ఏడాదికి మూడుసార్లు, ఉగాదికి, శ్రావణానికి, సంక్రాంతికి తీసి మడత మారుస్తాను. జరీ లోపలికి వచ్చేలా మడవండి. షాపువాళ్ళిచ్చే ప్లాస్టిక్ కవర్లు తీసేయండి, తేమ అందులోనే ఉండిపోతుంది. నాన్నగారి పాత పంచె ఉంటే ముక్కలు చేసి చుట్టండి, అంతకంటే మంచి గుడ్డ దొరకదు. కలరా ఉండలు వేయాలంటే చిన్న గుడ్డలో మూటగట్టి చీరకు తగలకుండా అర మూలన పెట్టండి. పసిపిల్లల బట్టలున్న చోట అస్సలు వద్దు, కొంతమంది శిశువులకు ఆ ఆవిరితో రక్తకణాలు పగిలి ప్రాణం మీదకు వస్తుంది. నేను ఎండిన వేపాకు వాడతాను, ఏడాదికి రెండుసార్లు మారుస్తాను.

నేత చీరలకు గంజి పెట్టి కట్టడం బాగుంటుంది, గంజితో దాచడం మాత్రం తప్పు. పిండి వాసనకు పురుగు చేరుతుంది. దాచేముందు గంజి పోయేలా జాడించండి.

ఓణీల ఫంక్షన్ కనుక పసుపు మరకలు తప్పవు. సబ్బు తగలగానే పసుపు ఎర్రగా మారితే కంగారు పడకండి. నూలు బట్ట అయితే ఉతికి ఎండలో ఆరేయండి. పసుపు రంగు వెలుతురుకు నిలవదు, రెండు మూడు ఎండలకు దానంతటదే పోతుంది.

నరసరావుపేట_వదిన
ఫిబ్రవరి 12, ఉదయం 9:30

మేడమ్, కొత్త కాటన్ చీర మొదటిసారి ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు దిగదని మా ఇంట్లో అందరూ చేస్తారు. అది నిజమేనా?

కుంకుడుచెట్టు
ఫిబ్రవరి 12, సాయంత్రం 5:15

పోగుకు రంగు పట్టించేటప్పుడు ఉప్పు పనికొస్తుంది, నిజమే. కానీ ఆ రంగు పోగుకు అతుక్కోవలసింది అద్దకం దగ్గరే. అక్కడ సరిగా అతుక్కోని రంగును ఇంట్లో ఉప్పు పట్టి ఉంచలేదు. ఆ నీళ్ళలో ఉన్నంతసేపు తక్కువ దిగినట్టు కనిపిస్తుంది, అంతే. మిగులు రంగు పోయేదాకా మొదటి మూడు నాలుగుసార్లు విడిగా, చల్లటి నీళ్ళలో, నానబెట్టకుండా ఉతకండి. కరక్కాయ, దానిమ్మ తొక్క, చిరివేరు లాంటి వాటితో రంగులద్దిన కలంకారీకి మామూలు సబ్బు వద్దు, కుంకుడు చాలు. ఎండలో ఆరేయొద్దు.

కృష్ణలంక_అమ్మాయి
ఫిబ్రవరి 13, ఉదయం 10:05

ఇంకో సందేహం. అమ్మ పెళ్ళి పట్టుచీర మడతల మీద అంతా తెగిపోయింది. కట్టడానికి రాదు. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో ఒకాయన వస్తుంటాడు. అది చూసి 1,500 ఇస్తానన్నాడు. ఇచ్చేయమంటారా?

పాతబస్తీ_వ్యాపారి
ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:40

ఆగమ్మా, తొందరపడకు. మేము హైదరాబాద్ పత్తర్‌గట్టిలో బట్టల కొట్టువాళ్ళం, నాకు ఈ లావాదేవీ తెలుసు. పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేసింది. వాళ్ళు చీరను కాల్చి ఆ వెండి తీసుకుంటారు. నలభై యాభై ఏళ్ళ కిందటి చీర, పెద్ద అంచు, నిండు కొంగు అయితే అందులో వెండి ఎంతుందో నీకు తెలియదు, అతనికి తెలుసు. ఇప్పటి చీరల్లో చాలావాటికి రాగి తీగ జరీయో, ప్లాస్టిక్ జరీయో ఉంటుంది, వాటికి విలువ రాదు. అమ్మాలనుకుంటే ముగ్గురి దగ్గర ధర కనుక్కో. నన్నడిగితే అమ్మొద్దు. తెగింది మడతలే కదా. అంచు, కొంగు విడదీసి వేరే చీర మీద వేయించొచ్చు, పాపకు పట్టులంగా అంచు చేయొచ్చు.

పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆడవాళ్ళ గురించి కూడా చెప్పాలి. వాళ్ళను చిన్నచూపు చూస్తాం. కానీ వాళ్ళు తీసుకున్నది వృథా కాదు. ఇంటికి తీసుకెళ్ళి ఉతికి, కుట్లు వేసి, గుండీలు పెట్టి, ఇస్త్రీ చేసి సంతలో అమ్ముతారు. మా దగ్గర జుమేరాత్ బజార్‌లో ఆ చొక్కాలు కొనుక్కుని పనికి వెళ్ళేవాళ్ళు ఎంతమందో. ఉన్నివి పానిపట్ దాకా పోతాయి, అక్కడ చీల్చి మళ్ళీ నూలు తీసి కంబళ్ళు నేస్తారు. ఒక గిన్నె కోసం వాళ్ళతో గంటసేపు బేరమాడకండి. వాళ్ళు చేస్తున్నది మనందరం చేయాల్సిన పని.

మ్యూనిక్_తెలుగు
ఫిబ్రవరి 13, సాయంత్రం 6:55

ఇక్కడ యూరప్‌లో 2025 జనవరి నుంచి పాత బట్టల్ని చెత్తతో కలపకుండా విడిగా సేకరించాలని నియమం ఉంది. వీధి చివర పెట్టె ఉంటుంది, వేసేస్తాం, చేతులు దులుపుకుంటాం. ఆ పెట్టెలో వేసినవి ఎక్కడికి పోతాయో చాలామందికి తెలియదు. మీ దగ్గర ఎవరికి ఇస్తున్నారో మొహం చూసి ఇస్తున్నారు, అది చాలా పెద్ద విషయం.

మా తెలుగువాళ్ళ గ్రూపులో పిల్లల పట్టులంగాలు చేతులు మారుతుంటాయి. ఒక ఆకుపచ్చ లంగా మా పాప వేసుకున్న నాలుగో అమ్మాయి. లోపల కుట్టు విప్పి పొడుగు పెంచుకునేలా కుట్టించారు, ఎవరో తెనాలి టైలరట. ఆయనకు దండం.

పుట్టపాక_మగ్గం
ఫిబ్రవరి 14, ఉదయం 8:00

నా మాట ఒకటి మర్చిపోయాను. పుష్కరాల్లో, తీర్థాల్లో స్నానం చేసి కట్టుబట్ట నదిలో వదిలేసే అలవాటు చాలామందికి ఉంది. 2015లో గోదావరి దగ్గర వలంటీరుగా వెళ్ళినప్పుడు మెట్ల కింద నుంచి తడిబట్టల కుప్పలు లాగాం, చేతులు పుండ్లు పడ్డాయి. 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. దయచేసి ఇంట్లో ఇప్పటి నుంచే చెప్పండి.

కృష్ణలంక_అమ్మాయి
ఏప్రిల్ 27, రాత్రి 9:10

ఫంక్షన్ బాగా జరిగింది. ఏం చేశామో చెప్తాను.

మంగళగిరి సంఘంలో పెద్ద తువ్వాళ్ళు ఒక్కోటి 230 చొప్పున 120 తీసుకున్నాం, 27,600 అయింది. అత్తగారే వచ్చి రంగులు ఎంచారు. 15 పాలిస్టర్ చీరలు గుంటూరు పంపితే టైలర్ గారు 120 సంచులు కుట్టారు. సంచికి 25, మొత్తం 3 వేలు. అనుకున్నదానికంటే 600 ఎక్కువైంది. తువ్వాలు, పండు, తాంబూలం ఆ సంచిలో పెట్టి బొట్టు పెట్టి ఇచ్చాం. మా గుణదల వాళ్ళు సంచి చూసి "ఈ డిజైన్ ఎక్కడో చూశానే" అన్నారు. వాళ్ళ గృహప్రవేశంలో అమ్మకు పెట్టిన చీరే. చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తరవాత అమ్మ గురించి చాలాసేపు మాట్లాడారు.

ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు "చీర పెట్టలేదేం" అన్నారు. అన్నవాళ్ళలో ఒకావిడ వారం తరవాత ఫోన్ చేసి ఆ తువ్వాలు ఎక్కడ కొన్నారని అడిగారు.

సింగ్‌నగర్ అక్క చెప్పినట్టు మా అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆవిడ్ని, వాచ్‌మన్ భార్యని, వాళ్ళ చుట్టాల్ని పిలిచి నచ్చినవి తీసుకోమన్నాను. 19 తీసుకున్నారు, జాకెట్లు కుట్టించి ఇచ్చాను. ఇద్దరు వద్దన్నారు, సరే అన్నాను. నూలు చీరలు ఆరూ నేనూ చెల్లీ కట్టుకుంటున్నాం.

అమ్మ వెంకటగిరి చీర మా అమ్మాయి ఓణీ అయింది. పెళ్ళి చీర అంచు దాని లంగాకు వేయించాను. బాగా పాతబడిన ఏడు నేత చీరలతో బొంత కుట్టించాం.

పెద్దాపురం_పిన్ని
ఏప్రిల్ 28, ఉదయం 6:50

సంతోషం తల్లీ. బొంతకు పైన ఏ చీర వేయించావు? పోగు దగ్గర దగ్గరగా వేశారా?

కృష్ణలంక_అమ్మాయి
ఏప్రిల్ 28, ఉదయం 10:30

పైన అమ్మ రోజూ ఇంట్లో కట్టుకునే లేత పసుపు చీర వేయించాం పిన్నీ. పోగు వేలెడు దూరంలో వేశారు, గట్టిగా ఉంది. నాన్న ఆ బొంత అడిగి తీసుకుని తన మంచం మీద వేసుకున్నారు. చీటీలన్నీ చెల్లి ఒక నోటుబుక్కులో అంటించింది.

పెట్టుబడి చీరలు ఇంకా 23 ఉన్నాయి. ఎవరికైనా సంచులకు కావాలంటే చెప్పండి, విజయవాడ చుట్టుపక్కల అయితే నేనే తెచ్చిస్తాను.

నరసరావుపేట_వదిన
ఏప్రిల్ 28, మధ్యాహ్నం 12:15

నాకు ఎనిమిది కావాలి. నా మెరూన్ చీర కూడా కలిపి తొమ్మిది. టైలర్ గారూ, జూన్ మొదటి వారానికి ఇవ్వగలరా?

టైలర్_బ్రాడీపేట
ఏప్రిల్ 28, రాత్రి 10:05

ఇస్తానమ్మా. మెరూన్ చీర పిన్నుల మరకలున్న భాగం అస్తరులోకి పెడతాను. మే 10 లోపు పంపండి.